పునాదిలో పచ్చిక

మా పెదనాన్న ప్రభుదాసు గారికి బెత్లెహేము పక్కనున్న ఒక కొండ గురించి ఒకే ఏడాదిలో రెండు అభిప్రాయాలు ఉండేవి. మార్చిలో ఒకటి, నవంబరులో ఒకటి. మా అమ్మ మరియమ్మకూ రెండుండేవి, సరిగ్గా ఆయనకు తిరగేసి. తొంభై ఏడో సంవత్సరం క్రిస్మస్ మాటెత్తితే మా ఇంట్లో ఇప్పటికీ అందరూ నవ్వుతారు. ఆ రోజుల్లో మాత్రం నవ్వినవాళ్ళు తక్కువ.

పెదనాన్న సోషల్ మేష్టారు. బడి నుంచి రిటైరయ్యారు గానీ పాఠం నుంచి రిటైరు కాలేదు. పొద్దున పేపరు చదవడం ఆయన సొంత పని. సాయంత్రం దాన్ని మాకు చదివి వినిపించి, ఎవరిది తప్పో ఎవరిది ఒప్పో తేల్చి చెప్పడం లోకానికి చేసే సేవ. బెంగళూరు మహదేవపురలో మా రెండిళ్ళకూ ఒకటే ముంగిలి. వీధి గేటు వైపు పెదనాన్న ఇల్లు, వెనక మా ఇల్లు, మధ్యలో కుళాయి, బట్టలుతికే బండ, ఒక జామచెట్టు. మా నాన్న స్టీఫెనూ పెదనాన్నా కడప జిల్లా నుంచి వచ్చిన కొత్తలో మునినారాయణప్ప దగ్గర కలిసి కొన్న స్థలం అది. ఆయన మహదేవపుర పాత రైతు. ఆయన రాగి చేలే మా వీధులయ్యాయి. ముంగిట్లో ఎవరి భాగం ఎంతవరకో ఆ రోజు ఎవరూ గీత గీయలేదు. అన్నదమ్ముల మధ్య గీతేమిటని అందరూ కాఫీ తాగి లేచారు.

మార్చిలో ఒక సాయంత్రం పెదనాన్న అరుగు మీద కూర్చుని కోపంగా పేపరు విప్పారు. యెరూషలేముకూ బెత్లెహేముకూ మధ్య పైన్ చెట్లున్న కొండ ఒకటుంది. ఇశ్రాయేలు వాళ్ళు దాన్ని హర్ హోమా అంటారు, పాలస్తీనా వాళ్ళు జబల్ అబూ గ్నేమ్ అంటారు. పేరే ఒప్పుకోని చోట హద్దు ఎక్కడ ఒప్పుకుంటారు? సరిహద్దు ఎటు పోవాలన్నది ఇంకా బల్ల దగ్గర కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి. ఈలోగా ఇశ్రాయేలు ప్రభుత్వం ఆ కొండ మీదికి బుల్‌డోజర్లు పంపి ఇళ్ళు కట్టడం మొదలుపెట్టింది. పాలస్తీనా వాళ్ళు ఇంక మాటల్లేవన్నారు.

"మాట్లాడతా మాట్లాడతా కడితే అది మాట్లాడేది కాదు," అన్నారు పెదనాన్న. "సిమెంటు ఆరిపోయినాక గీత ఎవరు గీస్తారు? గీతే ఇంటి చుట్టూ తిరిగి పోతాది."

అమ్మ బండ దగ్గర తన డ్యూటీ చీర పిండుతోంది. మిషను ఆసుపత్రిలో నర్సు ఆమె. పోనీలే బావా, వాళ్ళకీ పిల్లలు పుడుతుంటారు, ఇళ్ళు కావాలి కదా అంది తేలిగ్గా. పెదనాన్న ఆమెకు అరగంట పాఠం చెప్పారు. బెత్లెహేము జనానికి యెరూషలేము పోయే దారి ఏమవుతుందో నేల మీద సుద్దముక్కతో గీసి చూపించారు. అమ్మ ఆ గీతల మీదుగా నడిచి వెళ్ళి చీర ఆరేసింది. కొండ సంగతి అంతటితో మరిచిపోయామనే నేననుకున్నాను.

దసరా దాటేసరికి మా వైపు వీధుల కళే మారిపోయింది. చుట్టుపక్కల కంపెనీలు లేచాయి. భుజాన బ్యాగు తగిలించుకున్న పిల్లలు గేటు దగ్గర నిలబడి, రూము ఉందా సార్ అని మూడు భాషల్లో అడిగేవాళ్ళు. అడిగినవాళ్ళకల్లా లేదని చెప్పడం పెదనాన్నకు కష్టంగా ఉండేది. అప్పుడే ముంగిలి పంచుకుందామన్న మాట పుట్టింది. కోపంతో పుట్టింది కాదు. ఎవరి భాగం వాళ్ళకు తెలిస్తే మంచిదని నాన్న అన్నాడు, అవునన్నారు పెదనాన్న. మా నాన్న ఎవరేమన్నా అవుననే మనిషి కాబట్టి, ఆ మాట నిజంగా ఎవరిదో ఇప్పటికీ తెలియదు.

మధ్యవర్తి మునినారాయణప్ప. ప్రతి ఆదివారం మేము చర్చిలో పూజ నుంచి వచ్చేసరికి గేటు దగ్గర చేతికర్రతో తయారుగా ఉండేవాడు. తాడు పట్టుకుని గేటు నుంచి జామచెట్టు దాకా, చెట్టు నుంచి కుళాయి దాకా నడిచేవాడు. ఒక కాఫీ పెదనాన్న ఇంట్లో, ఒక కాఫీ మా ఇంట్లో. కుళాయి ఉమ్మడిగా ఉండాలా వద్దా, మాకు గేటు దాకా దారి ఎంత వెడల్పు, జామచెట్టు ఎవరిది అనేవి లెక్కలు. ఏ వారమూ ఏదీ తేలేది కాదు, ఎవరికీ తొందర లేదు. పెద్దమ్మ ప్రేమకుమారి ఆయన కాఫీలో చక్కెర తగ్గించడం ఒక్కటే ఆ చర్చల్లో కనిపించిన మార్పు.

అట్లా సాగుతుండగా నవంబరులో ఒక సోమవారం అమ్మ డ్యూటీ నుంచి వచ్చేసరికి అనంతపురం మేస్త్రి సుంకన్న ముంగిటి మధ్యలో పార పట్టుకుని ఉన్నాడు. ఒక గది కొలతకు నాలుగు వైపులా మోకాలి లోతు పునాది గుంత పడింది. తవ్విన ఎర్రమట్టి పక్కనే కుప్పగా ఉంది. గుంత ఒక వైపు జామచెట్టు మొదలును ఒరుసుకుంటూ పోయింది, ఇంకో వైపు కుళాయి దాకా వచ్చింది. మా గుమ్మానికి మిగిలిన దారిలో మనిషి అడ్డంగా తిరిగితే పోవచ్చు. నాన్న స్కూటరు పోదు.

అమ్మ గేటు దగ్గరే నిలబడి అంతా చూసింది. పెదనాన్న అరుగు మీద నుంచి లేచి వచ్చి, ఇది ఉత్త గదేనని, అద్దెకు ఇద్దామని కడుతున్నానని, చర్చలకూ దీనికీ సంబంధం లేదని చెప్పారు. గీత ఎటు పోయినా తరువాత సర్దుకోవచ్చన్నారు. ఆ చెప్పడంలో ఆయన అమ్మ ముఖం వైపు చూడలేదు.

"సిమెంటు ఆరినాకనా బావా?" అంది అమ్మ.

ఆమె గేటు గడియ పెట్టింది. పక్కకు తిరిగి, చీర చెంగు మట్టికి తగలకుండా పట్టుకుని ఇంట్లోకి వచ్చింది. ఆ ఆదివారం మునినారాయణప్ప వస్తే మా ఇంట్లో కాఫీ ఇచ్చింది గానీ తాడు పట్టుకోవడానికి రాలేదు. పని ఆపితే మాట్లాడతాం, ఆపకపోతే మాటల్లేవని నాన్న చేత చెప్పించింది. నాన్న ఆ మాట పెదనాన్నకు చెప్పాడు. పెదనాన్న, మాటలు మొదలుపెడితే పని గురించి ఆలోచిస్తానన్నారు. నాన్న ఆ మాట అమ్మకు మోసుకొచ్చాడు. రెండూ సబబుగానే ఉన్నాయన్నాడు. అమ్మ ఆయనకు ఆ పూట పప్పు వడ్డించడం మరిచిపోయింది.

ఇక అసలు వినోదం సాయంత్రాలప్పుడు మొదలైంది. పెదనాన్న పేపరు చదవడం మానలేదు, అమ్మ బట్టలుతకడం మానలేదు కాబట్టి ఒకరి మాట ఒకరికి వినపడుతూనే ఉండేది. బెత్లెహేము కొండ మళ్ళీ పేపర్లో వచ్చింది. పెదనాన్న గొంతు సవరించుకుని, ఇశ్రాయేలు వాళ్ళ మాట కూడా వినాలి అన్నారు. ఆ కొండ యెరూషలేము నగరం హద్దులోనే ఉందని వాళ్ళు అంటున్నారట, జనం పెరుగుతున్నారు, కొత్తగా పెళ్ళయిన పిల్లలు ఎక్కడుండాలి అన్నారు. ఇల్లు కట్టుకున్నంత మాత్రాన మాటలు మానుకోవడం పెద్దమనిషి తరహా కాదని పెద్దమ్మకు చెప్పారు. పెద్దమ్మ ఆయన్ని కింది నుంచి పైదాకా ఒకసారి చూసి లోపలికి పోయింది.

అమ్మ ఊరుకుంటుందా? ఇండ్లు కావాలంటే ఇంకెక్కడా నేల లేదా, మాటల్లో ఉన్న నేలే కావాల్సి వచ్చిందా అని నాతో అనేది. నన్ను చూస్తూ, ముంగిలంతా వినపడేట్టు. బెత్లెహేములో ఉండేవాళ్ళు కూడా మనలాగా పూజకు పోయేవాళ్ళే, వాళ్ళ దారి ఏమి కావాలి అనేది. మార్చిలో ఆయన సుద్దముక్కతో గీసిందంతా ఆమెకు కంఠతా వచ్చేసింది. ఒక రోజు ఇద్దరి మధ్యా కర్ర ఆనించి నిలబడ్డ మునినారాయణప్ప చాలాసేపు విని నవ్వాడు.

"ఏమప్పా మేష్ట్రూ, ఆ కొండ యాడుండాదో నాకు తెల్దు," అన్నాడు. "నువ్వు ఒక తూరి ఆపక్క నిలబడితివి, ఈయమ్మ ఈపక్క నిలబడె. ఇప్పుడు ఇద్దురూ పక్క మారినారు. కొండ మాత్రం ఆడనే ఉండాది కదప్పా."

పెదనాన్న పేపరు మడత పెట్టారు. నేను అమ్మ ముఖంలో చిన్న నవ్వు లేవబోయి ఆగిపోవడం చూశాను.

డిసెంబరు వచ్చింది. పొద్దున్నే మంచు, వీధుల్లో కాగితం నక్షత్రాలు. సుంకన్న తన చెల్లెలి కూతురి పెళ్ళికని ఊరికి పోతూ, వచ్చేటప్పుడు పునాది రాయి లారీతో సహా వస్తానని చెప్పాడు. రాయి దిగిందంటే ఇక ఆగేది లేదు. రాత్రి అన్నం దగ్గర అమ్మ ఆ మాటే అంది. రాయి పడితే గోడ లేస్తుంది, గోడ లేస్తే మనం ఈ ఇంట్లో వెనక వాటా అద్దెకున్నవాళ్ళలాగా మిగులుతాం అంది. ఇల్లు అమ్మేసి కే.ఆర్.పురం వైపు పోదామని కూడా అంది. ఆ మాటకు మాత్రం నాన్న అవునన్లేదు. అన్నం ముందు తల వంచుకుని కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది. పెద్దమ్మ వంటింటి వాసన రాని క్రిస్మస్ నాకు తెలియదు.

ఇక్కడ మా జేజి గురించి చెప్పాలి. జేజి అంటే నాన్న వాళ్ళమ్మ, అప్పటికి పోయి కొన్నేళ్ళయింది. క్రిస్మస్‌కు బాలయేసు పాక పెట్టే చోట ముందుగా రాగులు చల్లి పచ్చిక మొలిపించడం ఆమె పెట్టిన ఆచారం. ఊళ్ళో ఉన్నప్పుడు ఏదో గింజ చల్లేదట, బెంగళూరు వచ్చాక మునినారాయణప్ప చేలోని రాగులకు మారింది. ఎప్పుడూ జామచెట్టు మొదట్లోనే చల్లేది. చల్లిన నేల మీద, జనవరి మొదట్లో వచ్చే ముగ్గురు రాజుల పండగ దాటేదాకా పార పడకూడదు, కాలు పడకూడదు. దేవుడి బిడ్డ పండుకునే పచ్చికరా అది అనేది. ఆమె పోయాక ఆ ఆచారానికి కాపలాదారు పెదనాన్నే. ఒక ఏడు నేను ఆ పచ్చిక మీద బంతి కోసం కాలు పెట్టానని నన్ను క్రిస్మస్ పొద్దున కూడా క్షమించలేదు.

సుంకన్న ఊరికి పోయాక వచ్చిన ఆదివారం పూజ నుంచి రాగానే అమ్మ చీర మార్చుకోకుండానే రాగుల చేట తీసుకుని జామచెట్టు దగ్గరికి వెళ్ళింది. జేజి చల్లే చోటు ఇప్పుడు పునాది గుంతలో ఉంది. అమ్మ గుంతలోకి దిగి, అడుగున మట్టి గుల్ల చేసి, రాగులు చల్లింది. చెట్టు దగ్గర చల్లి ఆగలేదు. మిగిలిన గింజలు వెనక్కి ఎందుకని నాలుగు వైపులా చల్లుకుంటూ, ఆ గది చుట్టూ ఒకసారి తిరిగి, బయలుదేరిన చోటికే వచ్చి పైకెక్కింది. పెదనాన్న అరుగు మీద పేపరు పట్టుకుని ఉన్నారు. పేజీ మాత్రం తిప్పలేదు.

నేను ఉత్సాహంగా బకెట్టు తెచ్చాను. అమ్మ నా చేతిలోంచి చెంబు లాక్కుంది.

"నువ్వు పోయొద్దు," అంది. "మీ నాయనా పొయ్యకూడదు. నేనూ పొయ్యను."

నీళ్ళు పోయకపోతే చచ్చిపోతాయి కదమ్మా అన్నాను. చస్తే రాయి వస్తుంది, అంతే కదా అంది. చల్లేటప్పుడు ఒకసారి తడిపింది, అంతే. అదేం పంతమో నాకు అర్థం కాలేదు. పొద్దున డ్యూటీకి పోతూ ఆమె గుంత వైపు చూసేది కూడా కాదు. నేనే కిటికీలోంచి చూస్తూ, మొలవని పచ్చిక కోసం మనసులో ప్రార్థన చేసుకునేదాన్ని.

మూడు నాలుగు రోజులకు పొద్దున్నే వంటింటి కిటికీ తెరిచి, అమ్మను పిలిచాను. గట్టిగా పిలవలేదు. మంచులో పెదనాన్న మంకీ క్యాపు పెట్టుకుని, లుంగీ ఎగ్గట్టి, చేతిలో బకెట్టుతో గుంత అంచున నడుస్తున్నారు. మగ్గులో నీళ్ళు ముంచి వేళ్ళతో చిలకరిస్తున్నారు, మొలకలు ఒరగకుండా, ఫాదరు తీర్థజలం చల్లినంత పదిలంగా. నాలుగు వైపులా తిరిగారు. మధ్యమధ్యలో మా ఇంటి వైపు చూసుకున్నారు. మేము దీపం వేయలేదు కాబట్టి ఆయనకు కనపడలేదు. నీళ్ళయిపోయాక జామాకులు ఏరి గుంతలోంచి తీసేశారు.

అమ్మ నా పక్కన నిలబడి అంతా చూసింది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. కిటికీ చప్పుడు కాకుండా మూసి, కాఫీకి నీళ్ళు పెట్టింది.

"మీ పెదనాయనకు చెప్పొద్దు, మనం చూసినామని," అంది. అంతే.

సుంకన్న వచ్చేసరికి గుంత నాలుగు వైపులా లేత పచ్చగా లేచింది. ముంగిటి మధ్యలో గది కొలతకు పచ్చని చతురస్రం. గేటు బయట లారీలో రాయి ఉంది. సుంకన్న పార భుజాన పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఎన్నో పునాదులు తవ్వినవాడు, ఏ పునాదిలోనూ పైరు చూసి ఉండడు.

"సార్, ఈడ పైరు లేచిండాది," అన్నాడు. "దీని మింద రాయి ఎట్ల పెట్టేది?"

పెదనాన్న గుంతను చూశారు, లారీని చూశారు, మా గుమ్మాన్ని చూశారు. పాక పచ్చికరా అది, ముగ్గురు రాజుల పండగ దాకా ఎవరూ చెయ్యి పెట్టేది లేదు, రాయి వీధిలో దింపించు అన్నారు. ఆచారం ఆచారమే అని గట్టిగా, అందరూ వినేట్టు అన్నారు. పంతం వదిలిన మనిషిలాగా కాదు, పాఠం చెప్పే మేష్టారులాగానే అన్నారు. సుంకన్న హాయిగా వైట్‌ఫీల్డులో ఇంకో పనికి పోయాడు.

ఆ మధ్యాహ్నమే పెద్దమ్మ మైదా పిండి గిన్నెతో మా వంటింట్లోకి వచ్చి, కజ్జికాయల చెక్క ఎక్కడ పెట్టావు మరియా అంది, నిన్ననే మాట్లాడుకున్నట్టు. ఇద్దరూ కూర్చుని కజ్జికాయలు చేశారు. ముంగిలి గురించి ఒక్క మాట అనుకోలేదు. మగవాళ్ళ అభిప్రాయాల గురించి మాత్రం చాలా అనుకున్నారు.

పాక ఈసారి గుంతలోనే పెట్టాం, జామచెట్టు వైపు. ఏసుప్రభువు గుహలో పుట్టాడంటారు కదా, ఇదే సరైన చోటు అన్నాడు నాన్న. అందరికీ నచ్చే మాట ఆయన నోటి నుంచి అంత సులువుగా రావడం అదే మొదలు. తవ్విపోసిన ఎర్రమట్టి కుప్ప పాక వెనక కొండయింది. ఏ ఏడూ అంత పెద్ద కొండ లేదు మాకు. అమ్మ చేటలోంచి రాలిన రాగులు దాని మీదా మొలిచాయి. పెద్దమ్మ గొర్రెల బొమ్మలన్నీ దాని మీద నిలబెట్టింది. క్రిస్మస్ ముందు సాయంత్రం చర్చి పాటల గుంపు వచ్చి గుంత చుట్టూ నిలబడి పాడింది. వీధి వీధంతా చూడ్డానికి వచ్చింది. మునినారాయణప్ప తన రాగులే ఇవని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

బాలయేసు బొమ్మను పాకలో పెట్టడం ప్రతి ఏడూ పెదనాన్న పని. ఆయన అంచున మోకాళ్ళ మీద వంగి బొమ్మను పచ్చిక మీద పడుకోబెట్టారు. లేవబోతూ మట్టి కుప్ప వైపు చూసి ఆగారు.

"ఇది ఆ కొండేనా మరియమ్మా?" అన్నారు చిన్నగా.

"కొండే బావా," అంది అమ్మ. "ఇంకా ఖాళీగా ఉండాది."

పెదనాన్న లేచి మోకాళ్ళ మట్టి దులుపుకున్నారు. అమ్మ ఆయనకు కజ్జికాయ పళ్ళెం అందించింది. ఆయన ఒకటి తీసుకుని, కాసేపాగి రెండోది కూడా తీసుకున్నారు.

కొత్త సంవత్సరం మరుసటి ఆదివారం తాడు మళ్ళీ బయటికి వచ్చింది. పని ఆగింది కాబట్టి అమ్మ తాడు కొస పట్టుకుంది. ఇన్నాళ్ళు తేలనిది మునినారాయణప్ప రెండో కాఫీ తాగేలోపు తేలింది. కుళాయి ఉమ్మడి. గేటు దాకా దారి నాన్న స్కూటరు పోయేంత. పెదనాన్న గది ఆయన ఇంటి మీద, మేడ మీద. ఆలోచిస్తే అది మొదటి నుంచీ ఉన్న దారే. ఎవరూ తల పైకెత్తి చూడలేదు. జామచెట్టు పక్కన గుంత మాత్రం ఎవరి వాటాలోకీ రాకూడదని పెదనాన్నే అన్నారు. మిగతా మూడు వైపులా పూడ్చేసి అది ఒక్కటీ అట్లాగే ఉంచారు. రెండు వాటాల మధ్య గోడ అనుకున్నది నడుము ఎత్తున లేచి, ఆ గుంత దగ్గరికి వచ్చి ఆగిపోయి, దాటి మళ్ళీ మొదలైంది. ఆ సందులోంచే రెండిళ్ళ గిన్నెలూ అటూ ఇటూ తిరిగేవి. మేడ మీద గదికి పునాది రాయి పనికిరాదు కాబట్టి, వీధిలో దింపిన రాళ్ళలో పెద్దది పెద్దమ్మకు బట్టలుతికే కొత్త బండయింది.

ఎనిమిదేళ్ళు గడిచాయి. నాకు పెళ్ళయింది, సర్జాపుర దగ్గర అపార్టుమెంటుకు వెళ్ళాను. క్రిస్మస్ ముందు ఒక ఆదివారం రాగులు చల్లడానికి వచ్చాను. పెదనాన్నకు కంటిచూపు తగ్గింది, పేపరు నేను చదువుతున్నాను. బెత్లెహేము పక్క కొండ ఫోటో వచ్చింది. చెట్లు లేవు. కొండ చుట్టూ వరుసలు వరుసలుగా తెల్లని మేడలు, కిటికీల్లో ఆరేసిన బట్టలు, వేలమంది కాపురాలు. హద్దు ఎక్కడన్నది ఇంకా తేలలేదు. ఎట్లా ఉందో చెప్పమంటే ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

పెదనాన్న అంతా విన్నారు. ఈసారి ఎవరిది తప్పో చెప్పలేదు. ఆ ఇళ్ళల్లోనూ పిల్లలుంటారు, దారి పోయినవాళ్ళకూ పిల్లలుంటారు అన్నారు. అమ్మ గుంతలో దిగి రాగులు చల్లుతోంది. ఆయన అటు తిరిగారు.

"ఆడ పునాదిలో రాగులు చల్లేవాళ్ళు లేకపోయినారు మరియమ్మా," అన్నారు.

"చల్లే ఉంటారు బావా," అంది అమ్మ, వంచిన తల ఎత్తకుండా. "పొద్దున్నే లేచి నీళ్ళు పోసేవాళ్ళు దొరికుండరు."

పెదనాన్న ఉలిక్కిపడి ఆమె వైపు చూశారు. తరువాత నా వైపు చూశారు. నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను. ఎనిమిదేళ్ళు దాచుకున్న రహస్యం మాకు మొదటి నుంచీ తెలుసని ఆయనకు ఆ క్షణాన తెలిసింది.

ఆయన మెల్లగా అరుగు దిగి, కుళాయి దగ్గరికి తడుముకుంటూ నడిచి, మగ్గు వెతుక్కున్నారు.